కొండదారిని పడిన తునుక

ఇరువదియారు మైళ్ల మారథాను పరుగే మానవశక్తికి మేర యని లోకము తలంచిన కాలము గడచిపోయినది. 1974లో కాలిఫోర్నియాయందు గార్డీ ఐన్స్‌లీ యనునతడు నూరుమైళ్ల గుర్రపుపందెములో గుర్రము లేకయే పాల్గొని, ఇరువదినాలుగు గంటలలోపల గమ్యమును చేరెను. ఆ సాహసమునుండియే వెస్టర్న్ స్టేట్స్ యను పరుగుపందెము పుట్టినది. 2003లో ఆల్ప్సు పర్వతములయందు మోంబ్లా శిఖరము చుట్టును, ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల మీదుగా సుమారు 170 కిలోమీటర్ల పరుగు వెలసినది. మన సహ్యాద్రులలోను, లడఖ్ సీమలోను ఇట్టి దీర్ఘపందెములు నెలకొన్నవి. ఈ పరుగువీరుల ఓర్పును కొనియాడువారు పెక్కురు గలరు. మేము నేడు వ్రాయబూనినది వారు వెనుక విడిచిపోవు చెత్తను గూర్చి.

ఇంతటి ఘనకార్యము నడుమ చెత్త ముచ్చట యేల యని పాఠకులు నవ్వవచ్చును. కాని విషయమొకింత చూడుడు. పరుగెత్తువాడు దారిలో వండుకొని తినజాలడు గదా! చక్కెరపాకము వంటి జెల్లును చిన్న సంచులలో నింపి అమ్ముదురు. సంచి మూలను పంటితో చించి, పాకమును మ్రింగి, ఖాళీ సంచిని జేబులో త్రోయును. చించిన తునుక మాత్రము గోరంతది. అది చేతినుండి జారినదో, పెదవినుండి రాలినదో వానికే తెలియదు. గంటకు రెండు చొప్పున ముప్పదిగంటలు తినువానికి అరువది సంచులు. అనగా అరువది తునుకలు. రెండువేలమంది పరుగెత్తుచో, పదింట నొకడు ఒక్క తునుకను జారవిడిచినను రెండువందలు. అవి లోహపు పూతగల ప్లాస్టికు ముక్కలు. ఆకువలె కుళ్లునవి కావు.

రాజవీధులలో సాగు పందెముల మర్యాద వేరు. దక్షిణాఫ్రికాలో 1921లో ఆరంభమైన కామ్రేడ్స్ పరుగునందు నీటిని ప్లాస్టికు పొట్లములలో నిత్తురు. త్రాగి, బాటపైననే విడుతురు. అది మంచిరోడ్డు, వెనుక ఊడ్చువారుందురు. ఆ యలవాటునే కొండకు గొనిపోయిన ఏమగును? అచట చివరివాని వెంట నడచుచు గుర్తుజెండాలను ఊడదీయు స్వచ్ఛందసేవకులు తప్ప మరి యెవ్వరును రారు. రాత్రివేళ దీపపు వెలుగున, రాళ్ల సందున నున్న గోరంత తునుక వారికేమి కనబడును?

పందెము నడుపువారు ఊరకున్నారని మేమనము. మోంబ్లా పందెములో ఎవరి గ్లాసు వారే తెచ్చుకొనవలెను; చలివేంద్రములలో కాగితపు గ్లాసు లుండవు. సహారా ఎడారిలో 1986 మొదలు సాగిన మరథాన్ దే సాబుల్ పందెమున నీటిసీసాలపైనను, మూతలపైనను పరుగువాని అంకె వేసి యిచ్చుచుండిరి; దారిలో దొరకిన సీసా యెవరిదో దానిపై అంకెయే చెప్పును. ఈ యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. అయినను చించిన తునుకపై అంకె వేయుట యెట్లు?

కావున మా యభిప్రాయమున దోషము పరుగువానితో నిలిచిపోదు. తునుక ఊడిరాక సంచికే అంటియుండునట్లు చేయుట అసాధ్యము కాదు. కొందరు తయారీదారులు అట్టి సంచులను చేసియే యున్నారు. పందెపు సంఘములు అట్టివానినే తమ చలివేంద్రములలో నుంచి, తక్కినవానిని నిరాకరించుచో, వ్యాపారులు మార్గము కనుగొందురు. మరియు శిక్ష వేయదలచినచో కడపటివానికే కాక, మొదట వచ్చువానికిని వేయవలెను. విజేత కాలమున కొన్ని నిమిషములు చేర్చుటకు ధైర్యము లేని సంఘము నియమములు వ్రాయుట వృథా.

అలసినవాని చేతులు మొద్దుబారియుండును, బుద్ధి పనిచేయదు, క్షమింపుడని కొందరందురు. దీపము, ఈల, గ్లాసు మున్నగునవి లేకున్న అనర్హత యగునని యెరిగినవాడు వానిని ఎంత యలసినను పోగొట్టుకొనడు గదా! ఇంట బయలుదేరునాడే చెత్తకొక జేబు ఏర్పరచుకొన్నచో, ఆ యలవాటు రాత్రి మూడు గంటలకును చెడదు.

తక్కిన మర్యాదలు అందరెరిగినవే: ఎక్కువానికి దిగువాడు దారి యీయవలెను; కూలినవానిని దాటిపోరాదు. మలవిసర్జన మాట వ్రాయ సంకోచించితిమి గాని వ్రాయక తప్పదు. ఏటికి రెండువందల అడుగుల దూరమున ఆరు మొదలు ఎనిమిది అంగుళముల లోతు గుంటలో కప్పవలెనని అరణ్యసంచారుల కట్టుబాటు. ఆ కాగితమును సైతము సంచిలో కట్టుకొని వచ్చువారున్నారు. వారిని హేళన చేయరాదు.

వెస్టర్న్ స్టేట్స్ పందెపుదారి కొంత గ్రానైట్ చీఫ్ అరణ్యము గుండ పోవును. 1984లో దానిని రక్షితవనముగా చట్టముచే ఏర్పరచిరి. పందెము అంతకుమున్నే జరుగుచుండుటచే అనుమతించిరి గాని, పరుగువారి సంఖ్యను 369కి కట్టడి చేసిరి. నేడు వేలకొలది దరఖాస్తులు రాగా చీట్లు వేసి ఎంచుకొనుచున్నారు. ఆ యనుమతి అటవీశాఖ చేతిలోనిది. వనాధికారి దారివెంట నడచి ఒక గుప్పెడు తునుకలను తెచ్చి బల్లపై పరచినచో, సంఘమువారి కడ చెప్పుకొనుటకు మాట యుండదు. రానున్న ఋతువున చలివేంద్రపు బల్లలపై ఏ మాదిరి సంచులుండునో మేము చూచుచుందుము.