సముద్రం దాటొచ్చిన కేబుల్, ఒక్క గది ఇల్లు

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్‌ను పోర్ట్ బ్లెయిర్ కోసం ప్రారంభించారు. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. హేవ్‌లాక్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్ మొదలు గ్రేట్ నికోబార్ దాకా దాని కొమ్మలు వెళ్లాయి. అంతకుముందు మేం ఉపగ్రహం దయ మీద బతికాం. ఒక పాఠం వీడియో చూడాలంటే రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

మా నాన్న శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఇక్కడికి కూలికి వచ్చారు. నేను సిసిఎన్ఏ పాసై నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. జంగ్లీఘాట్ వైపు మన తెలుగు పిల్లలు కనబడితే అడిగేది ఒకటే: "అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు వాళ్లకు చెప్పి ఊరుకోకూడని మాట కూడా ఒకటుంది.

ముందు చదువు సంగతి. సిసిఎన్ఏ రాయడానికి డిగ్రీ అక్కర్లేదు. పరీక్ష పేరు 200-301, సమయం 120 నిమిషాలు. సిలబస్‌లో ఆరు భాగాలు. నెట్‌వర్క్ మూలాలు 20 శాతం, స్విచ్‌లు, వైఫై 20, రౌటింగ్ 25, ఐపీ సేవలు 10, భద్రత 15, ఆటోమేషన్ 10. ఈ లెక్క గోడ మీద అంటించుకోండి. రోజుకు రెండు గంటల చొప్పున ఆరు నెలలు పెట్టుకుంటే కొత్తవాళ్లకు సరిపోతుంది.

మొదటి నెల ఒకే ప్రశ్న మీద గడపండి: నా ఫోన్ నుంచి బయల్దేరిన సందేశం చెన్నైకి ఎలా చేరుతుంది? స్విచ్ ఏం చూస్తుంది, రౌటర్ ఏం చూస్తుంది? స్విచ్ మాక్ అడ్రస్ చూసి పంపుతుంది, రౌటర్ ఐపీ అడ్రస్ చూసి దారి ఎంచుకుంటుంది. ఇది మీ అమ్మకు తెలుగులో చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే.

రెండో నెల సబ్‌నెటింగ్. చాలామంది భయపడి మానేసేది ఇక్కడే. నిజానికి ఇది రెండుతో చేసే గుణకారం. 192.168.10.0/26 తీసుకోండి. ఐపీ అడ్రస్‌లో 32 బిట్లు. 26 నెట్‌వర్క్‌కు పోతే 6 మిగిలాయి. రెండును ఆరుసార్లు గుణిస్తే 64. మొదటి అడ్రస్ నెట్‌వర్క్‌ది, చివరిది బ్రాడ్‌కాస్ట్‌ది. యంత్రాలకు మిగిలేవి 62. తర్వాతి నెట్‌వర్క్ 64 దగ్గర మొదలవుతుంది. రోజుకు పది లెక్కలు కాగితం మీద చేయండి. నెల తిరిగేసరికి నోటితో చెబుతారు.

మూడో నెల నుంచి చేతిపని. రౌటర్ కొనే స్తోమత మనకు లేదు, కొననక్కర్లేదు కూడా. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. పాత లాప్‌టాప్ చాలు. వీలాన్, ఓఎస్‌పీఎఫ్, యాక్సెస్ లిస్ట్ ఒక్కోటి కట్టండి, కావాలని చెడగొట్టండి, మళ్లీ బాగుచేయండి. ఉద్యోగంలో రేపు చేసే పని అదే. బట్టీ కొట్టడానికి అమ్మే ప్రశ్నల కట్టలు కొనకండి. చివరి నెల నమూనా పరీక్షలు రాయండి. అసలు పరీక్షలో ఒకసారి దాటిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి వెళ్లలేరు. అందుకే గడియారం పెట్టుకుని రాయడం అలవాటు చేసుకోవాలి.

ఇంతవరకు కష్టం మనది. ఇక రెండో మాట.

పరీక్ష ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపి పాతిక వేలు దాటుతుంది. తప్పితే మళ్లీ అంతా కట్టాలి. ఇంటి నుంచి రాయొచ్చంటారు. కానీ గదిలో మీరు ఒక్కరే ఉండాలి, పరీక్ష అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు. ఐదుగురు ఒకే గదిలో ఉండే ఇంట్లో ఇది కుదురుతుందా? నేను ఒక మిత్రుడి ఆఫీసు గది అడుక్కుని రాశాను. ప్రశ్నపత్రం ఎవరి కులమూ అడగదు నిజమే. ఆ పత్రం ముందు కూర్చోవడానికి కావలసిన గది, డబ్బు, లాప్‌టాప్ మాత్రం తరాలుగా ఎవరి దగ్గర ఉన్నాయో అందరికీ తెలుసు.

అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడి ఎస్సీల సంఖ్య సున్నా. వలస వెళ్లినవారికి ఎస్సీ, ఎస్టీ ప్రయోజనాలు కొత్త రాష్ట్రంలో వెంట రావని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఇంటిపేరు విని కులం పసిగట్టే చూపు మాత్రం మాతోపాటే ఓడెక్కి వచ్చింది. పహాడ్‌గావ్‌లో ఇంజనీరింగ్ కాలేజీకి బాబాసాహెబ్ పేరుంది. ఆయన మనుషులు మాత్రం ఈ దీవుల లెక్కలో లేరు.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు ముట్టింది కేవలం దాహం కోసం కాదు. అందరి డబ్బుతో నిలిచిన నీరు అందరిదీ అని చెప్పడానికి. ఈ కేబుల్ కూడా ప్రజాధనమే. దాని ఫలం అందరికీ అందాలంటే నేను అడిగేవి మూడు. ప్రభుత్వ గ్రంథాలయాల్లో పరీక్ష రాసుకోవడానికి తలుపు వేసుకునే ఒక గది, కంప్యూటర్ ఉండాలి. వలస దళిత కుటుంబాల పిల్లలకు ఫీజు సాయం చేయాలి, దానికి స్థానిక జాబితా లేదన్న సాకు చెప్పకూడదు. ఇక మన సంఘాలు ఏటా ఏప్రిల్ 14న పెట్టే ఖర్చులో కొంత తీసి ఇద్దరు పిల్లల ఫీజు కట్టాలి. పాసైనవాళ్లు మరో ఇద్దరికి చెప్పాలి.

నా వంతు మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రాలు ముగ్గురు పిల్లలు మా ఇంటికొచ్చి సబ్‌నెటింగ్ చేస్తున్నారు. మాదీ ఒక్క గదే. వాళ్ల పరీక్ష రోజున మేమంతా బయట కూర్చుంటాం.

జై భీమ్.