ఇంకా అమ్మ కాని అమ్మ

తెల్లవారి ఆరింటికే పాప లేస్తుంది. పాలు కలపాలి. డైపరు మార్చాలి. ఎండ ముదరకముందే రాళ్లు పరిచిన వీధుల్లో ఓ చుట్టు తిప్పుకొని రావాలి. దూరంగా అగ్నిపర్వతం పొగ వదులుతూ ఉంటుంది. పదింటికల్లా ఊరి నడుమ పార్కులో తనలాంటి అమ్మలు మరో నలుగురు కలుస్తారు. పళ్లొచ్చాయా, జలుబు తగ్గిందా అన్న పలకరింపులయ్యాక అందరిదీ ఒకటే ప్రశ్న.

‘మీ ఫైలు ఎక్కడిదాకా వచ్చింది?’

ఇది ఇప్పటి దృశ్యం కాదు. 2000 తర్వాత ఏడెనిమిదేళ్లపాటు మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో, ఆంటిగ్వా అనే పాత పట్నంలో రోజూ కనిపించిన దృశ్యం. ఆ అమ్మలు అమెరికా నుంచి వచ్చినవాళ్లు. చేతిలోని పిల్లలు గ్వాటెమాలాలో పుట్టినవాళ్లు. దత్తత ఇంకా పూర్తికాలేదు. అంటే, చట్టం లెక్కలో వాళ్లింకా అమ్మలు కాదు!

భర్త అక్కడ... భార్య ఇక్కడ!

ఫైలు తేలేదాకా బిడ్డను సాకేందుకు మామూలుగా ఓ స్థానిక మహిళను కుదిర్చేవారు. అమెరికా దంపతులు వీలున్నప్పుడు వచ్చి, హోటల్లో రెండు మూడు రోజులు బిడ్డతో గడిపి వెళ్లేవారు. వెళ్లేటప్పుడు బిడ్డ ఏడుపు, తల్లి ఏడుపు. వచ్చేసారికి బిడ్డ గుర్తుపట్టదేమోనన్న బెంగ. అది భరించలేక కొందరు ఏకంగా కాపురమే మార్చేశారు. అలాంటివారిలో కాలిఫోర్నియాకు చెందిన జెస్సికా ఓడ్వయర్ ఒకరు. ఉద్యోగం వదులుకుని, కాబోయే కూతురితో ఆంటిగ్వాలో ఉండిపోయారు. ఆ అనుభవాన్నే 2010లో ‘మామలీతా’ అనే పుస్తకంగా తెచ్చారు.

అద్దె ఇల్లు, రాని భాష, తెలియని డాక్టరు. అక్కడ అమెరికాలో భర్త ఉద్యోగం చేసి డబ్బు పంపాలి. ఆయనకు బిడ్డ తొలి అడుగులు ఫోన్లో వినే కబుర్లే. ఇక్కడ ఆమెకు అంగట్లో బేరమాడేంత స్పానిష్ వచ్చేస్తుంది. మనవాళ్లు జొన్నరొట్టె తట్టినట్టే అక్కడి ఆడవాళ్లు మొక్కజొన్న పిండిని చేతుల మధ్య తట్టి టోర్టియాలు కాలుస్తారు. నల్ల చిక్కుళ్లతో అవి తినడం అలవాటవుతుంది. స్థానిక మాయా తల్లుల్లా నేతగుడ్డలో పాపను వీపున కట్టుకోవడమూ వచ్చేస్తుంది. ఈస్టరు ముందు వారంలో ఊరంతా రంగు వేసిన రంపపు పొట్టుతో, పూలతో వీధుల్లో పెద్ద పెద్ద తివాచీలు పరుస్తుంది. సంక్రాంతి ముగ్గులు గుర్తొస్తాయి మనకైతే. ఊరేగింపు వాటి మీదుగా నడిచి వెళ్తుంది.

పండగ బాగానే ఉంటుంది. అయితే, వచ్చే పండక్కి ఇంటికి చేరతామా?

సంతకం తర్వాత సంతకం

టూరిస్టుగా వచ్చినవారికి గడువు 90 రోజులే. పెద్దవాళ్లు ఎలాగో పొడిగించుకోవచ్చు. బిడ్డను మాత్రం సరిహద్దు దాటించడానికి వీల్లేదు. అందుకే తల్లి కదలదు.

ఆ రోజుల్లో అక్కడి దత్తతలన్నీ దాదాపు నోటరీ లాయర్ల చేతుల మీదుగానే నడిచేవి. కుటుంబ న్యాయస్థానం తరఫున సామాజిక కార్యకర్త విచారణ చేసేవారు. కన్నతల్లికీ బిడ్డకూ డీఎన్ఏ పరీక్ష అమెరికా ఎంబసీ షరతు. తర్వాత ఫైలు పీజీఎన్ అని పిలిచే ప్రభుత్వ న్యాయ కార్యాలయానికి వెళ్లేది. అసలు పరీక్ష అక్కడే. పేరులో అక్షరం తప్పినా, ఒక ముద్ర చెరిగినా ఫైలు వెనక్కే. ఈ తిప్పి పంపడానికి ‘ప్రెవియో’ అని పేరు. పార్కులో ఎవరి నోటనైనా ఆ మాట వినిపిస్తే మిగతావారి ముఖాలు మాడిపోయేవి. ఆ ఇంటికి ఇంకొన్ని వారాల నిరీక్షణ ఖాయమన్నమాట.

పీజీఎన్ సరేనన్నా కథ అయిపోదు. కన్నతల్లి మరోసారి వచ్చి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆమె మనసు మార్చుకోవచ్చు. ఆ హక్కు ఆమెది. ఆ తర్వాతే కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు. చిట్టచివర ఎంబసీ ఇచ్చే గులాబీ రంగు చీటీ, వీసా ఇంటర్వ్యూ. ఆ గులాబీ చీటీ అందిన రోజు పార్కులో పండగే.

పాపతో బయటికెళ్తే చూపులు కూడా తప్పవు. విదేశీయులు పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకారుతో 1994లో ఒక ఊళ్లో ఓ అమెరికా మహిళను గుంపు చావబాదింది. ఆ భయం ఇరువైపులా మిగిలిపోయింది.

రెండో అమ్మ

చూపుల్లో అనుమానం ఊరికే రాలేదు. 36 ఏళ్ల అంతర్యుద్ధం 1996లో ముగిసింది. పేదరికం ముగియలేదు. ఒక్కో దత్తతకు పాతిక ముప్పై వేల డాలర్లు చేతులు మారుతున్న చోట దళారులు పుట్టుకొచ్చారు. 2007 ఒక్క ఏడాదే 4,700 మందికి పైగా పిల్లలు అమెరికాకు వెళ్లారు. గ్వాటెమాలాలో పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరు! ఆ ఏడాది ఆగస్టులో ఆంటిగ్వాలోనే ఓ శిశుసదనంపై దాడి చేసి 46 మంది పిల్లలను అధికారులు తమ అధీనంలోకి తీసుకున్నారు. ఒక్కసారి కాదు, రెండోసారి కూడా డీఎన్ఏ పరీక్ష చేయించాలని అమెరికా ఎంబసీ అప్పుడే నిబంధన పెట్టింది.

2007 డిసెంబరు 31న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పాత పద్ధతికి తెరపడింది. అప్పటికే దారిలో ఉన్న 3 వేలకు పైగా ఫైళ్లను మళ్లీ తిరగేశారు. కొన్ని నెలల్లో తేలాయి. కొన్నింటికి ఏళ్లు పట్టింది. ఐక్యరాజ్యసమితి మద్దతుతో ఏర్పడిన దర్యాప్తు కమిషన్ 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఫైళ్లలో సగానికి పైగా ఏదో ఒక అక్రమం ఉంది.

పార్కు బెంచీ మీద కనిపించని మరో అమ్మ కథ ఇక్కడే మొదలవుతుంది. 2006 నవంబరులో రెండేళ్ల కూతురిని ఎవరో ఎత్తుకుపోతే ఒక గ్వాటెమాలా తల్లి ఏళ్లపాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. దత్తత ఫైళ్లు గాలించింది. ఇలాంటి తల్లులు నిరాహారదీక్షలూ చేశారు. బిడ్డను తిరిగి అప్పగించాలని 2011లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పటికే ఆ పాప అమెరికాలో వేరే పేరుతో, వేరే అమ్మ దగ్గర పెరుగుతోంది. తీర్పు అమలు కాలేదు.

మనకు ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొని దత్తతకు పంపుతున్న ఉదంతాలు బయటపడ్డాయి. అక్కడా దళారులే, అక్కడా పేద తల్లులే. ఆ తర్వాతే నిబంధనలు బిగిశాయి.

ఆంటిగ్వాలో ఎదురుచూసిన అమ్మల్లో ఎక్కువమందికి ఈ మోసాలతో ఏ సంబంధమూ లేదు. రాత్రంతా జ్వరపు బిడ్డను భుజాన వేసుకుని తిరిగినవాళ్లే. ఫైలు కదలని ప్రతిరోజూ వాళ్లకు శిక్షే. కానీ ఫైలు మరీ తేలిగ్గా కదిలిపోయినచోట శిక్ష అనుభవించింది ఇంకో అమ్మ.

అప్పటి పిల్లలు ఇప్పుడు యువతీయువకులు. ఎందరో తమ పుట్టుక కాగితాలు పట్టుకుని గ్వాటెమాలా వెళ్తున్నారు. ‘నన్ను కన్నమ్మ ఇష్టపడే ఇచ్చిందా?’ అని అడుగుతున్నారు. పెంచిన అమ్మ కళ్లలోకి చూసి అవునని చెప్పగలగాలి. అలా చెప్పాలంటే, ఆనాడు విసుక్కుంటూ ఎదురుచూసిన ఆ సంతకం నిజమైనదై ఉండాలి.