తావు మార్చు జూదము

అనకాపల్లి బెల్లపు సంతకు రైతు తెచ్చిన దిమ్మెలను అతని నోటిమాటమీద ఎవ్వరును కొనరు. కాటామీద తూచియే కొందురు. ఈపాటి జాగ్రత్త పందెపుటాటలను నడపిన కంపెనీలకు ఏల లేకపోయెనో పాఠకులు విచారింపవలసియున్నది.

1974 నాటి జూదచట్టమును మన ప్రభుత్వము 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సుచే సవరించి, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను రమ్మీ, పోకరులను నిషేధించెను. తెలంగాణము 2017లోనే ఈ పని చేసెను. మరుసటి నెలలో, అనగా 2020 అక్టోబరున, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు 132 వెబ్‌సైట్లను, యాప్‌లను రాష్ట్రమున అందకుండ చేయుడని కేంద్రమంత్రికి లేఖ వ్రాసిరి. ఇతర రాష్ట్రములలో మాత్రము ఈ ఆటలు సాగుచునే యుండెను. కావున ఫోను ఆంధ్రలో నున్నచో ఆట తెరవకుండుటయే కట్టడియయ్యెను. ఆటగాడు ఫోనులో దొంగ జీపీఎస్ యాప్ నొకదానిని ఎక్కించుకొని, కూర్చున్నచోటు కదలకయే ముంబయివాసి కావచ్చును!

ఇది ఎట్లు పొసగును? ఉపగ్రహములు మనమెక్కడ నున్నదియు నెరుగవు. అవి కాలసూచనలను పంపును. లెక్క కట్టి తావు చెప్పునది ఫోను. ఆ ఫోను ఆటగానిదే గదా! యాప్‌లను తయారుచేయువారి పరీక్షలకై ఆండ్రాయిడ్‌లో కల్పిత స్థానము నిచ్చు సౌకర్యము కలదు. అట్టి స్థానముపై ఫోను ఒక గుర్తు వేయును గాని, ఫోనును పూర్తిగా వశపరచుకొన్నవాడు ఆ గుర్తును సైతము చెరిపివేయగలడు. ఫోను మాటనే నమ్ముట దొంగచేతికి తాళములిచ్చుటయే.

కాబట్టి తనిఖీ కంపెనీ సర్వరులోనే జరుగవలెను. ఇంటర్నెట్టు చిరునామా, సమీపపు సెల్‌టవర్లు, వైఫై పేర్లు చెప్పిన తావుతో సరిపోలుచున్నవా? నిమిషము క్రిందట అనకాపల్లిలో నున్నవాడు ఇప్పుడు ముంబయిలో ఎట్లుండును? వీనిలో ఏ ఒక్కటియు స్వతంత్ర సాక్ష్యము కాదు. మొబైలు ఇంటర్నెట్టు చిరునామా తరచు మరొక నగరమును చూపును. దానిని మాత్రమే నమ్మినచో నిర్దోషులు శిక్షింపబడుదురు.

2016లో వెలువడిన పోకెమాన్ గో ఆటలోను ఈ మోసము ప్రబలెను. నియాంటిక్ సంస్థ మొదటి తప్పునకు హెచ్చరికను, రెండవదానికి 30 దినముల నిలుపుదలను, మూడవదానికి శాశ్వత బహిష్కారమును విధించెను. అచ్చట మోసగాడు ఆటను చెరచి కంపెనీకే నష్టము తెచ్చును. పందెపుటాటలోనో, దొంగ ముంబయివాసి కట్టిన ప్రతి పందెమునుండియు కంపెనీకి వాటా ముట్టును. వానిని పట్టుకొనుటకు కంపెనీకి తొందర యేమి? మా దృష్టిలో ఈ వ్యవహారమున అసలు లోపమిదియే, యంత్రము కాదు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదించిన కేంద్రచట్టము దేశమంతటను డబ్బు ఆటలను నిషేధించినది. నడపువారికి 3 ఏండ్లవరకు ఖైదు, కోటి రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. బ్యాంకులు ఆ సొమ్మును చేరవేయరాదు. ఆడువారికి శిక్ష లేదు, ఇది న్యాయమే. ఇక రాష్ట్రపు సరిహద్దుతో పని తీరినది గాని, విదేశపు సైట్లముందు వీపీఎన్‌తో పరదేశి వేషము వేయుట మిగిలియున్నది. తావును మార్చవచ్చును, సొమ్ము మాత్రము ఇచ్చటి ఖాతానుండియే కదలవలెను. అది తరచు పరులపేర తెరచిన అద్దెఖాతాలద్వారా పోవుచుండును. 2022లో జిల్లాకేంద్రమైన అనకాపల్లిలో పోలీసువారును, బ్యాంకు మేనేజర్లును మొదట ఈ ఖాతాలను వెదకవలెనని కోరుచున్నాము.