ఇంట్లో కూర్చుని చేసే పనేగా!

"ఫ్రీలాన్సింగ్ ఆడవాళ్ళకి వరం" అని తెగ పొగుడుతుంటారు. అనువాదాలు చేసి నాలుగు రాళ్ళు సంపాదిస్తున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను, వరం ఎవరికండీ? వంటా, పిల్లల హోంవర్కూ, అత్తగారి మందులూ ఏదీ ఆగకుండానే డబ్బులొస్తున్నాయి కనుక, వరం ఇంటికి!

అర్హత ఉన్న ఉద్యోగినికి చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకీ 26 వారాలు జీతంతో సెలవు. మనకి ఆ సెలవు వర్తించదు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు.

పని నచ్చితే చెయ్యండి, నేనూ మానను. కానీ ముందు మూడు అడిగి తీసుకోండి: గడియ పెట్టుకోవడానికో గది, ఎవరూ పిలవని నాలుగు గంటలు, మీ ఒక్కరి పేరునే బ్యాంకు ఖాతా.

ఇవి ఇవ్వనివాళ్ళు మన స్వేచ్ఛ గురించి మాట్లాడకపోతే మంచిది.