అతిథి గదిలో పరుపు

ఉగాది సంచిక అనగానే పంచాంగం గురించో, షడ్రుచుల గురించో రాయాలి. నేను పరుపు గురించి రాస్తున్నాను. "ఇంతకంటే విషయం దొరకలేదా?" అని మా ఆవిడే అడిగింది. జీవితంలో మూడోవంతు దాని మీదే గడిపేస్తాం కదా, దానికో పేజీ ఇస్తే తప్పేమిటన్నాను. నిజానికి ఇది నా తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నది.

మూడేళ్ల కిందట మా అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని మా న్యూజెర్సీ ఇంటికి వచ్చింది. అంతకు ముందే మేము కొత్త పరుపు కొనుక్కున్నాం. పాతది అతిథి గదిలోకి వెళ్లింది. మనవాళ్ల ఇళ్లలో ఇదే కదా ఆనవాయితీ! కొత్తది మనకి, గుంట పడ్డది గెస్ట్ రూముకి. ఆ గదిలో పడుకునేదెవరయ్యా అంటే, ఇరవై గంటలు విమానంలో కూర్చుని వచ్చిన డెబ్భై ఏళ్ల అమ్మానాన్నలు.

ఒక రాత్రి మంచినీళ్లకని లేస్తే అమ్మ గదిలో దీపం వెలుగుతోంది. మంచం ఖాళీ. అమ్మ కార్పెట్ మీద బొంత పరుచుకుని పడుకుని ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"ఏం లేదురా, నేల మీదైతే నడుం తిన్నగా ఉంటుంది. నువ్వెళ్లి పడుకో" అంది.

అప్పటికి ఆవిడ వచ్చి అయిదు వారాలు. ఒక్కరోజు కూడా నోరు విప్పి చెప్పలేదు.

మర్నాడు పరుపు ఎత్తి చూశాను. మాది క్వీన్ సైజు మంచం. అరవై అంగుళాల వెడల్పున్న మంచానికి నడిమి దూలం, దాని కింద నేలకు ఆనే కాలు ఉండాలి. అపార్ట్‌మెంటు నుంచి ఇల్లు మారినప్పుడు ఆ కాలు ఎక్కడో పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాం. చెక్కలు వంగాయి, వాటితోబాటే పరుపూ వంగింది. పదేళ్ల వారంటీ ఉంది కదా అని అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను. "నడుమ ఆధారం ఉందా? మరకలేమైనా ఉన్నాయా?" అని రెండే ప్రశ్నలు అడిగారు. మరకలంటే, పిల్లలు ఒలకబోసిన పాలు, మా తలనూనె అన్నీ ఉన్నాయి. అక్కడితో సరి. వాళ్ల మీద కోపం వచ్చింది గానీ, కాగితం తీసి చూస్తే అన్నీ రాసే ఉన్నాయి. చదవనిది నేనే.

మా ఊళ్లో పడక సంగతి ఇలా ఉండేది కాదు. నవారు మంచం వదులైతే ఆదివారం నాన్న ఒక పక్కా, నేనొక పక్కా పట్టుకుని బిగించేవాళ్లం. పండగ ముందు బూరుగుదూది పరుపులన్నీ డాబా మీదికి ఎక్కేవి. మధ్యాహ్నం అమ్మ కర్రతో దులిపి తిరగేసేది. దూది ఉండలు కడితే వీధిలో దూది ఏకే ఆయన్ని పిలిచేవాళ్లం. ఆయన విల్లు మీటుతుంటే దూది మబ్బులా లేచేది. అదే దూది, కొత్త గుడ్డ, మళ్లీ కొత్త పరుపు! మా తాతగారి పరుపు దూది మీద నేను కాలేజీ చదువు పూర్తిచేశాను.

ఇక్కడి పరుపుని విప్పి ఏకలేం. ఎండలో పెట్టి మరిచిపోయినా కుదరదు, ఫోమ్ అయితే తీక్షణమైన ఎండకి పెళుసెక్కుతుంది. అయినా అమ్మ పద్ధతిలోని సారం మాత్రం ఇక్కడికీ పనికొస్తుంది. గాలి తగలనివ్వడం, తడి తగలకుండా చూడడం, ఒకేచోట బరువు పడకుండా చూడడం. అంతే.

పొద్దున లేవగానే దుప్పటి బిగించి కప్పేయకండి, అరగంట తీసి ఉంచితే రాత్రి చెమట ఆరుతుంది. కొన్న రోజే నీరు దిగని కవరు తొడగండి. తలంటు రోజున దిండు మీద ఒక పాత తువ్వాలు వేసుకోండి. మరక పడితే నీళ్లు గుమ్మరించకుండా తడిగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. వాసనకి వంటసోడా చల్లి, కొన్ని గంటలాగి వాక్యూమ్ చేస్తే చాలు. దుప్పట్లు 130 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్లలో ఉతికితే, తుమ్ములు తెప్పించే ధూళి పురుగులు చస్తాయి. బేస్‌మెంటులో మంచం వేసినవాళ్లు గాలిలో తేమ 50 శాతం లోపు ఉండేట్టు చూసుకోవాలి.

ఇక తిప్పడం. ఇప్పటి పరుపుల్లో చాలావాటికి పైభాగం ఒకటే, బోర్లా వేయకూడదు. తలవైపుది కాళ్లవైపుకి తిప్పాలి. రెండువైపులా వాడేదైతే తిరగేయొచ్చు కూడా. ఎప్పుడు తిప్పాలో గుర్తుండదంటారా? ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి. దాదాపు ఆర్నెల్లు. భార్యాభర్తలిద్దరూ చెరో పక్క పట్టుకోవాల్సిన పని, పది నిమిషాలు పోట్లాట లేకుండా గడిస్తే అదీ ఒక శుభారంభమే!

ఎంత చూసుకున్నా పరుపు శాశ్వతం కాదు. ఏడు నుంచి పదేళ్లయ్యాక నడుం నొప్పితో లేస్తుంటే దానికి సెలవిచ్చేయాలి. అప్పుడైనా రోడ్డు పక్కన పడేయకండి. కనెక్టికట్, కాలిఫోర్నియా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు 2013లోనే పాత పరుపుల్ని విడదీసి తిరిగి వాడే చట్టాలు చేశాయి. లోపలి ఉక్కు, ఫోమ్, చెక్క మళ్లీ పనికొస్తాయి. అలాగే కొత్తగా వచ్చిన విద్యార్థులకి గుంటలు పడ్డ పరుపు ఇచ్చి దానం చేశామనుకోవద్దు. నల్లులుంటే అవీ వెంట వెళ్తాయి.

మంచి పరుపు దాచుకోమని కాదు నేను చెప్పేది. బాగా చూసుకుంటే, అతిథి గదిలోకి వెళ్లే నాటికి కూడా అది మనిషి పడుకునేట్టు ఉంటుంది. అలా లేకపోతే మాత్రం దాని మీద మనం పడుకుని, మన పరుపు వాళ్లకిద్దాం. ఈ ఎండాకాలం ఎంతోమంది తల్లిదండ్రులు వస్తారు. టిక్కెట్టు కొన్న రోజే, వాళ్ల గదిలో మంచం మీద మీరొక రాత్రి పడుకుని చూడండి. ఇది నా మనవి. వాళ్లు ఎలాగూ చెప్పరు.

ఆ మర్నాడే మా పరుపు అమ్మ గదిలోకి మారింది. "నాకెందుకురా ఇంత మెత్తటిది" అంటూనే ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయింది. ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంది, "ఏరా, ఆ మంచానికి నడిమి కాలు పెట్టించావా?" అని.

పెట్టించానమ్మా.