కనిపెట్టు ప్రార్థన

తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘కనిపెట్టడం’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఉన్నది. సామాన్యంగా మనం ఆ మాటను కొత్త సంగతి తెలుసుకోవడానికో, ఒకరిని కాచి చూసుకోవడానికో వాడుతాం. బైబిలు తెలుగులో అది దేవుని కొరకు ఎదురుచూడడం. కొన్ని సంఘాలవారు ‘కనిపెట్టు ప్రార్థనలు’ అనే పేరుతోనే కూటాలు జరుపుతారు. అలాగే లోకానికి ‘నిరీక్షణ’ అంటే ఎదురుచూపు. తెలుగు బైబిలులో విశ్వాసానికీ ప్రేమకూ నడుమ నిలిచిన ఆ మాటకు ఆశ అని అర్థం. ఎదురుచూపును, ఆశను ఒకే మాటలో ఒదిగించిన ఈ అనువాదం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది.

ఈ ఆచారానికి మూలం అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఉన్నది. యేసు ఆరోహణానంతరం శిష్యులు యెరూషలేములో ఒక మేడగదిలో చేరారు. స్త్రీలు, యేసు తల్లి మరియ, ఆయన సోదరులు వారితో ఉన్నారు. ఆ కూటమి సుమారు 120 మంది. పెంతెకొస్తు దినం వరకు వారు ఏకమనస్కులై ప్రార్థించారు. కొద్ది దినాలే అన్న మాట తప్ప, ఫలానా దినమని వారికి ఎవరూ చెప్పలేదు. గడువు తెలియని ఎదురుచూపు ఒంటరివానికి శిక్ష వంటిది. పదిమంది నడుమ అది భరించదగినదవుతుంది.

ఇటువంటి ఎదురుచూపు ఒకటి మన ఒంగోలులో జరిగింది. 1836లో శామ్యూల్ డే ఆరంభించిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనులో పదిహేడేళ్ళ తరువాత కూడా విశ్వాసులు వేళ్ళమీద లెక్కించదగినంతమందే. దానిని ఎత్తివేయాలా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించి, చివరకు నిలుపుకున్నారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపుమని అయిదుగురూ ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. సూర్యోదయమైంది. కొండ దిగి వచ్చారు. అంతే.

వారు కోరిన మనిషి, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! ఈ నడుమ 1862లో మిషను మూసివేత మాట మళ్ళీ లేచింది. అప్పుడు అమెరికాలో ఉన్న జ్యూయెట్, తాను మాత్రం తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే బ్రతుకుతానని, అవసరమైతే అక్కడే మరణిస్తానని పట్టుపట్టాడు. కొండమీది ప్రార్థన ఫలం ఏమిటని అడిగితే నేను మొదట ఈ పట్టుదలనే చూపుతాను.

మిషను గ్రంథాలు ఆ కొండ నుండి గుండ్లకమ్మ నదికి తిన్నగా ఒక గీత గీస్తాయి. ఆ గీత అంత తిన్ననిది కాదు. 1866లో విశ్వాసిగా చేరిన మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా కాలినడకన తిరిగి తనవారికి బోధించకపోతే కొండమీది ప్రార్థన మాదిగపల్లెలకు చేరేది కాదు. ఆ తరువాత 1876–78 నాటి మహాక్షామం వచ్చింది. పూర్వం సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. ఆ కూలీలలో వేలమంది బాప్తిస్మం కోరారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆపివేశాడు. ఈసారి కనిపెట్టుకొని ఉండవలసినవారు నిరుపేదలు. గడువు తెలియనిది వారికే.

1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క దినంలోనే బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచారు. క్లౌ ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు. ఈ సంఖ్యను చరిత్రకారులందరూ రాశారు. అడిగి, ఆ పదిహేను నెలల్లో కరవుకో కలరాకో బలియై నది ఒడ్డుకు చేరలేకపోయినవారి పేర్లు మాత్రం ఏ పట్టికలోనూ లేవు.