రాయితీకీ ఒక గడువు తేదీ కావాలి

పంట రుణం చేతికిచ్చిన రోజే బ్యాంకు నాకొక తేదీ చెబుతుంది. ఆ తేదీలోపు కడితే మూడు లక్షల దాకా నాలుగు శాతమే వడ్డీ. దాటితే ఏడు. అందుకే ఇంట్లో ఏ ఖర్చు ఆగినా ఆ కట్టుబడి ఆగదు. మరి ప్రభుత్వం నాకిస్తానన్న డ్రిప్ రాయితీకి తేదీ ఏది? దరఖాస్తులో లేదు, రసీదులో లేదు, ఆఫీసులో అడిగితే చెప్పగలిగిన వాళ్లూ లేరు.

నా పుట్టిల్లు ప్రొద్దుటూరు. మెట్టినిల్లు పులివెందుల పక్కన లింగాల మండలం. నాలుగెకరాలు నా పేరు మీదే ఉంది. సగం చీనీ, సగం అరటి. అంతటికీ ఒకటే బోరు, వచ్చేది ఇంచున్నర నీళ్లు. జిల్లా సగటు వానే 700 మిల్లీమీటర్లు; మా పడమటి మండలాల్లో అదీ పడదు. కాలవ కట్టి పారిస్తే కరెంటు ఉండే తొమ్మిది గంటల్లో ఎకరా తడవడం కష్టం. అవే నీళ్లు పైపుల్లో వచ్చి మొక్క మొదట్లో పడితే తోటంతా బతుకుతుంది.

ఈ సంగతి మన రాష్ట్రం చాలామంది కంటే ముందే గ్రహించింది. 2003 నవంబరు 3న ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం మొదలైంది. ఆ మరుసటి ఏడాదే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అధ్యక్షతన కేంద్ర టాస్క్‌ఫోర్స్ నివేదిక ఇచ్చింది, 2006లో దేశమంతటికీ పథకం వచ్చింది. ఇప్పుడు చిన్న, సన్నకారు రైతుకు కేంద్ర పథకం కింద 55 శాతం రాయితీ. అందులో కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. రాష్ట్రం తన సొంత సొమ్ము కలిపి దాన్ని 90 శాతానికి తెచ్చింది. ఇది గొప్ప పథకం. 2002 కరువులో ఎండిన చీనీ తోటలను చూసిన వాళ్లెవరైనా ఈ మాటే అంటారు.

చిక్కంతా డబ్బు నడిచే దారిలో ఉంది. రాయితీ రైతు ఖాతాలో పడదు. రైతు తన వాటా కట్టాలి, కంపెనీ పైపులు పరచాలి, అధికారి వచ్చి ఫొటో తీసి సరిచూడాలి, అప్పుడు ప్రభుత్వం కంపెనీకి చెల్లించాలి. ఆ బిల్లు ఖజానాలో ఆగిపోతే లెక్కల్లో బాకీ కంపెనీకే కనబడుతుంది. రైతు పేరు మీద ఒక్క రూపాయి బకాయి ఉండదు. కానీ పాత బాకీ రాని కంపెనీ కొత్త పైపులు దింపదు. 2019 తర్వాత జరిగింది ఇదే. బకాయిలు పేరుకుపోయి కొన్నేళ్లపాటు కొత్త డ్రిప్ దాదాపు ఆగిపోయింది, 2022-23లో గానీ పథకం మళ్లీ కదల్లేదు. పథకాన్ని పుట్టించిన ముఖ్యమంత్రి కాలంలోనూ బిల్లులు ఆగాయి, పులివెందుల ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనూ ఆగాయి. కాబట్టి దీన్ని ఒక పార్టీ మీద వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

నా సంగతి చెబుతాను. ప్రొద్దుటూరులో బంగారం కొట్లకు కొదవలేదు, తాకట్టుకూ కొదవలేదు. గాజులు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నా వాటా కట్టాను, టిష్యూ అరటి మొక్కలకు అడ్వాన్సు ఇచ్చాను, పైపులకు కాలవ తవ్వించాను. మొక్కలు వచ్చాయి, పైపులు రాలేదు. "అక్కా, పాత బిల్లులు పడలేదంట, గోడౌను నుంచి సరుకు దింపడం లేదు" అన్నాడు డీలరు దగ్గరి పిల్లోడు. "మా చేతిలో ఏముందమ్మా, పైనుంచి బడ్జెట్ రావల్ల" అన్నారు ఆఫీసులో. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకూ ఎవరూ తేదీ చెప్పలేదు.

నర్సరీ నుంచి దిగిన మొక్క బడ్జెట్ కోసం ఆగదు. గుంతల్లో పెట్టి పారించాము. అరటి బతికింది గానీ చీనీకి నీళ్లు చాలలేదు. ఎండలు ముదిరేసరికి బోరు ఆగి ఆగి పోసింది. పక్క చేలో ఇంకా లోతుకు బోరు దింపారు. ఊళ్లో ఒకరు లోతుకు పోతే మిగతా వాళ్లూ పోవాల్సిందే. భూగర్భ జలాన్ని కాపాడాలని 2002లో వాల్టా చట్టం చేసుకున్నాము. అదే జలాన్ని కాపాడే పైపులకు మాత్రం సొమ్ము వేళకు ఇవ్వము. ఆలస్యమైన రాయితీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఆ ఏడాది అదనంగా తోడేసిన నీళ్లు మాత్రం తిరిగి రావు.

జమ్మలమడుగు పక్కన పెద్దముడియంలో మా అక్కవాళ్లది నల్లరేగడి, శనగ పంట. వాళ్లకు డ్రిప్ అవసరం లేదు, అయినా ఈ ఎదురుచూపు కొత్త కాదు. 2012 రబీలో ప్రీమియం కట్టిన మా జిల్లా శనగ రైతులు బీమా సొమ్ము కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ముఖ్యమంత్రులు మారారు, రైతుల చేతిలో రసీదులు మాసిపోయాయి. పంట పోయిన ఏడాది అప్పు తీర్చాల్సిన డబ్బు, పిల్లల చదువులు అయిపోయాక చేరింది.

ఆలస్యానికి వడ్డీ అడగడం గొంతెమ్మ కోరిక కాదు. చెరుకు తోలిన 14 రోజుల్లో డబ్బివ్వని ఫ్యాక్టరీ 15 శాతం వడ్డీ కట్టాలని 1966 నాటి ఉత్తర్వు చెబుతోంది. ఉపాధి హామీ కూలి 15 రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారమని రాశారు. ఫసల్ బీమా నిబంధనల్లో 2018 నుంచి ఆలస్యానికి 12 శాతం వడ్డీ ఉంది. కేంద్రం పంపిన వాటాను రాష్ట్రం 30 రోజుల్లో పథకం ఖాతాకు మళ్లించకపోతే 7 శాతం వడ్డీ కట్టాలన్న నియమం 2023 నుంచి అమల్లో ఉంది. అంటే ప్రభుత్వం ప్రభుత్వాన్ని వడ్డీ అడుగుతుంది. రెండు రూపాయల వడ్డీకి గాజులు తాకట్టు పెట్టిన మనిషి అడిగితే ఎందుకు తప్పు?

ఖజానాలో డబ్బు లేనప్పుడు ఏం చేస్తారని కొందరు అడుగుతారు. లేనప్పుడు లేదని చెప్పాలి. ఈ ఏడాది మండలానికి ఎన్ని ఎకరాలకు సొమ్ముందో అన్నే దరఖాస్తులు తీసుకోవాలి, మిగతావాళ్ల దగ్గర వాటా కట్టించుకోకూడదు. నాకు ముందే తెలిసుంటే ఆ ఏడాది అరటి జోలికి పోకుండా ఉన్న నీళ్లన్నీ చీనీకే ఇచ్చేదాన్ని.

రైతు వాటా కట్టిన తేదీ కంప్యూటర్లో ఉంటుంది. అధికారి చేలో ఫొటో తీసిన తేదీ కూడా ఉంటుంది. వాటా కట్టిన 45 రోజుల్లో పైపులు చేలోకి రావాలి, ఫొటో ఎక్కిన 30 రోజుల్లో కంపెనీకి సొమ్ము పోవాలి. మొదటి గడువు తప్పితే రైతు ఖాతాలో, రెండోది తప్పితే కంపెనీ ఖాతాలో, ఎవరూ అర్జీ పెట్టకుండానే వడ్డీ పడాలి. బ్యాంకు నా దగ్గర వసూలు చేసే ఆ ఏడు శాతం చాలు. రైతు సేవా కేంద్రంలో మాకిచ్చే రసీదు మీద ఆ రెండు తేదీలు అచ్చు వేయండి. వచ్చే ఖరీఫ్ దరఖాస్తుల నుంచే మొదలుపెట్టండి.